పాత సిమ్ బతకాలి, నెట్ మాత్రం అక్కడిది వాడాలి

మహేంద్రతనయ ఒడ్డున ఉన్న మా పర్లాకిమిడి నుంచి సరిహద్దు దాటితే పాతపట్నం. పెళ్ళి సంబంధాలు, పండగలు, బజారు పనులు అన్నీ అటూ ఇటూ కలిసే ఉంటాయి. ఫోన్లకి మాత్రం ఒకప్పుడు అది గట్టి సరిహద్దు. ఫోన్ కంపెనీలు దేశాన్ని సర్కిళ్ళు అనే ప్రాంతాలుగా విడదీస్తాయి, మాది ఒడిశా సర్కిల్, వాళ్ళది ఆంధ్రప్రదేశ్ సర్కిల్. పాతపట్నంలో పెద్దమ్మ ఇంటికి వెళ్తే ఫోన్ మీద రోమింగ్ గుర్తు పడేది, వచ్చిన కాల్ ఎత్తినా బ్యాలెన్స్ కోసేది. ఒక్కోసారి ఊరు కదలకుండానే మేడమీద నిలబడితే ఫోన్ అవతలి టవర్ని పట్టుకునేది. ఇక్కడివాళ్ళు చాలామంది రెండు సిమ్‌ల ఫోన్లకి అంత తొందరగా అలవాటు పడింది అందుకే. 2015 జూన్‌లో బీఎస్ఎన్ఎల్ రోమింగ్‌లో వచ్చే కాల్స్ ఉచితం చేసింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి ఎయిర్‌టెల్ కూడా దేశం లోపల రోమింగ్ ఛార్జీలు ఎత్తేసింది. అక్కడితో ఆ గొడవ తీరిపోయింది.

దేశం లోపల తీరింది. బయటికి వెళ్ళేవాళ్ళకి ఇంకా ఉంది.

బస్టాండు దగ్గర మాకు చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. రీచార్జి, జిరాక్సు, పాస్‌పోర్టు అప్లికేషన్, టికెట్లు అన్నీ చేస్తాం. మా ఆయన బయటి పనులు చూసుకుంటారు, కౌంటర్‌లో నేను కూర్చుంటాను. విదేశం వెళ్ళేవాళ్ళు రెండు రకాలుగా వస్తారు. కాశీనగరం, గుణుపురం, టెక్కలి వైపు నుంచి గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా వెళ్ళే కుర్రాళ్ళు ఒక రకం. పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు ఇంకో రకం. ఇద్దరూ అడిగే మాట ఒకటే: "అక్కడ నెట్ ఎలాగమ్మా?" ఈ ప్రశ్నకి ఇంటర్నెట్‌లో దొరికే జవాబుల్లో ఎక్కువ భాగం టూరిస్టుల కోసం రాసినవే. వారం తిరిగి వచ్చేసే మనిషికీ, రెండేళ్ళు ఉండిపోయే మనిషికీ ఒకే సలహా సరిపోదు. నేను ఇద్దరి కోసమూ రాస్తున్నాను.

ముందు రోమింగ్ ఎందుకంత ఖరీదో చెప్తాను. మన సిమ్ దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో అక్కడి టవర్ని పట్టుకున్నప్పుడు ఆ టవర్ కంపెనీ మన కంపెనీకి బిల్లు వేస్తుంది. రెండు కంపెనీల మధ్య టోకు ధర ఒకటి ఉంటుంది, దాని మీద మన కంపెనీ తన లాభం వేసుకుని మనకి అమ్ముతుంది. సాధారణంగా ఆ డేటా మన దేశంలోని కంపెనీ సర్వర్ దాకా వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్తుంది. సింగపూర్‌లో కూర్చుని పక్క వీధి దారి వెతికినా ఆ డేటా ఇండియా చుట్టి వస్తుందన్నమాట. యూరోపియన్ యూనియన్‌లో చట్టం చేసి 2017 జూన్ 15 నుంచి తమ దేశాల మధ్య ఈ అదనపు ఛార్జీ తీసేశారు. ఆ నియమాన్ని 2032 దాకా పొడిగించారు కూడా. ఫ్రాన్స్‌లో కొన్న సిమ్ జర్మనీలో అదే ధరకి నడుస్తుంది. ఇండియాకీ గల్ఫ్‌కీ మధ్య, ఇండియాకీ సింగపూర్‌కీ మధ్య అలాంటి ఒప్పందం లేదు. కాబట్టి ప్యాక్ వేసుకోకుండా మన సిమ్ మీద నెట్ ఆన్ చేస్తే ఎంబీ లెక్కన పడుతుంది. రోజుకి ఒకటిన్నర, రెండు జీబీలు వాడే అలవాటున్న చేతికి ఆ లెక్క భయంకరంగా ఉంటుంది.

డేటా సంగతి తర్వాత చూద్దాం. అంతకంటే ముఖ్యం మన ఇండియా నంబరు. ఇక్కడే నాకు ఎక్కువ బాధ.

మా కొట్టుకి వచ్చే ఒక కుర్రాడు సౌదీ వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఇక్కడి సిమ్ తీసి పర్సులో పెట్టుకున్నాడు, అక్కడి సిమ్ వేసుకున్నాడు, నెలనెలా ఇంటికి డబ్బు పంపుతున్నాడు. చెల్లెలి పెళ్ళి కుదిరి ఖాతాలోంచి పెద్ద మొత్తం తీయాల్సి వచ్చింది. ఓటీపీ పాత నంబరుకి వెళ్తోంది. ఆ నంబరు ఎప్పుడో ఆగిపోయి వేరే ఎవరి చేతికో వెళ్ళిపోయింది. బ్యాంకుని అడిగితే నంబరు మార్చడానికి మనిషి స్వయంగా రావాలన్నారు. వాళ్ళమ్మ మా కౌంటర్ దగ్గర నిలబడి "డబ్బు మాదే కదమ్మా, మాకెందుకు ఇవ్వరు?" అని అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు. కుర్రాడి తప్పేమీ లేదు. సిమ్ చచ్చిపోతుందని అతనికి చెప్పినవాళ్ళే లేరు.

నియమం ఇదీ. ప్రీపెయిడ్ నంబరు మీద 90 రోజులు కాల్, మెసేజ్, నెట్, రీచార్జి ఏదీ జరగకపోతే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. బ్యాలెన్స్‌లో కనీసం 20 రూపాయలుంటే వెంటనే ఆపకూడదని, ఆ 20 కోసుకుని ఇంకో 30 రోజులు పొడిగించాలని 2013లో ట్రాయ్ (ఫోన్ కంపెనీలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) తెచ్చిన నియమంలో ఉంది. అయితే దాన్నే నమ్ముకుని రెండేళ్ళు వదిలేయకండి. 2024 డిసెంబరులో ట్రాయ్ ఇంకో మంచి పని చేసింది. డేటా అక్కర్లేనివాళ్ళకి కాల్స్, మెసేజ్‌లతో మాత్రమే ప్యాక్‌లు ఇవ్వాలని, వాటి గడువు 365 రోజుల దాకా పెట్టవచ్చని చెప్పింది. 2025 జనవరి నుంచి జియో, ఎయిర్‌టెల్, వీఐ అలాంటివి అమ్ముతున్నాయి. గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి నేను ముందుగా చెప్పేది ఇదే. నెట్ లేని పొడుగాటి ప్యాక్ ఒకటి వేయించుకోండి, అయిపోయే తేదీ ఇంట్లో గోడ క్యాలెండర్ మీద రాయించండి, రీచార్జి ఇక్కడి నుంచి ఇంట్లోవాళ్ళే చేస్తారు.

దాంతోపాటు ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీస్ ఆన్ చేయించుకోవాలి. ఇది డేటా రోమింగ్ కాదు, వేరు. ఈ సర్వీస్ ఆన్‌లో ఉంటేనే మన సిమ్ పరాయి టవర్ని పట్టుకుంటుంది, ఓటీపీ వస్తుంది. వచ్చే మెసేజ్‌లకి సాధారణంగా డబ్బు పడదు. వచ్చే కాల్ ఎత్తితే పడుతుంది. అందుకని ఇండియా నంబరుకి ఎవరైనా మామూలు కాల్ చేస్తే ఎత్తకండి, వాట్సాప్‌లో తిరిగి చేయండి. కొన్ని కంపెనీలు ప్యాక్ ఏదో ఒకటి వేసుకుంటేనే ఈ సర్వీస్ ఇస్తాయి. విమానం ఎక్కే రోజు కాకుండా వారం ముందే కస్టమర్ కేర్‌ని అడిగి తేల్చుకోవాలి. ఈ అడగడం మాకు ఇంకో తలనొప్పి. మా ఒడిశా సిమ్‌లకి కస్టమర్ కేర్ నొక్కితే ఒడియా, హిందీ, ఇంగ్లీషు వినిపిస్తాయి. ఇంట్లో తెలుగు, బడిలో తెలుగు చదువుకున్న పెద్దవాళ్ళు ఆ మూడింట్లో దేన్ని నొక్కాలి? ఒడియాలో వచ్చిన మెసేజ్ చదివి పెట్టమని నా దగ్గరికి వస్తారు. సరిహద్దు జిల్లాల నంబర్లకైనా తెలుగు ఒక ఎంపికగా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇక డేటా. దారులు మూడు. మన కంపెనీ అమ్మే విదేశీ ప్యాక్, అక్కడి సిమ్, ఈసిమ్.

మన కంపెనీ ప్యాక్‌లో సుఖం ఉంది. దిగగానే నెట్ వస్తుంది, వేరే సిమ్ అక్కర్లేదు, నంబరు మారదు. రెండు మూడు రోజుల పనికి వెళ్ళేవాళ్ళకి, ఫోన్‌లో ఏదీ మార్చడం చేతకాని పెద్దవాళ్ళకి నేను ఇదే వేయిస్తాను. కొనేముందు చదవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ దేశం లిస్టులో ఉందా, అక్కడ ఏ నెట్‌వర్క్ మీద పని చేస్తుంది, జీబీలు రోజుకా మొత్తానికా, రోజు అంటే 24 గంటలా తేదీ మారడమా. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు ఉంటుంది కాబట్టి ఈ చివరిది పట్టించుకోవాల్సిందే. "అన్‌లిమిటెడ్" అని రాసి ఉన్నా ఒక హద్దు దాటాక స్పీడు పడిపోవడం మామూలే.

వారం దాటి ఉంటే అక్కడి సిమ్ కొనడమే నయం. చాలా దేశాల్లో ఎయిర్‌పోర్టులోనే కౌంటర్లు ఉంటాయి, పాస్‌పోర్టు చూసి ఇస్తారు. ఊళ్ళోకి వెళ్ళాక కంపెనీ సొంత షాపులోనో సూపర్ మార్కెట్‌లోనో ఇంకా చవక ప్యాక్‌లు దొరకవచ్చు. పని మీద వెళ్ళేవాళ్ళు మాత్రం సిమ్‌ని తమ పేరు మీదే తీసుకోవాలి. రూమ్‌మేట్ పేరు మీద ఉన్న సిమ్ వాడితే అతను ఇంటికి వెళ్ళిన రోజు మీ నంబరు కూడా పోతుంది. ఆ సిమ్ మీద ఏదైనా గొడవ జరిగితే ఇద్దరికీ ఇబ్బంది. సౌదీలో 2016 నుంచి సిమ్‌కి వేలిముద్ర తప్పనిసరి.

ఈసిమ్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దీని మీద అపోహలు ఎక్కువ. ఇందులో ప్లాస్టిక్ ముక్క ఉండదు. ఫోన్ లోపల ఉన్న చిప్‌లోకి సిమ్ వివరాలు క్యూఆర్ కోడ్ ద్వారా దిగుతాయి. మీ ఫోన్‌కి ఉందో లేదో తెలియాలంటే స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కండి. ఐఎంఈఐతో పాటు ఈఐడీ అని పొడవాటి నంబరు కనిపిస్తే ఉన్నట్టే. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ నుంచి ఉంది. మా దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి లేదు. కాబట్టి "ఈసిమ్ వేసుకో, అయిపోతుంది" అని సిటీలో ఉన్నవాళ్ళు చెప్పే సలహా మా కుర్రాళ్ళలో చాలామందికి పనికిరాదు. రెండు సిమ్ స్లాట్లున్న ఫోన్ చాలు. అయితే కొన్ని ఫోన్లలో రెండో స్లాట్‌లోనే మెమొరీ కార్డు కూడా పెట్టుకోవాలి. అలాంటి ఫోన్ అయితే ఫొటోలు ముందే కాపీ చేసుకుని కార్డు తీసేయండి.

ఈసిమ్ ఉన్నవాళ్ళకి లాభం ఏమిటంటే, పాత సిమ్ కదలదు, అక్కడి డేటా ఇక్కడే కొనుక్కోవచ్చు, ధరలు ఇంట్లో కూర్చుని పోల్చుకోవచ్చు. దాన్ని ఇంట్లో వైఫై మీదే దించుకోవాలి, ఎందుకంటే దిగాక దించుకుందామంటే దానికి కూడా నెట్ కావాలి. కొన్ని ప్లాన్లు దించుకున్న రోజు నుంచే గడువు లెక్కపెడతాయి, కొన్ని అక్కడి టవర్ని పట్టుకున్నప్పటి నుంచి. కొనే పేజీలో ఇది రాసి ఉంటుంది. యాత్రికుల ఈసిమ్‌లలో చాలావరకు డేటా మాత్రమే ఉంటుంది, ఫోన్ నంబరు రాదు. అక్కడి నంబరు అడిగే పనులేవైనా ఉంటే ఇది చాలదు.

మా తమ్ముడు సింగపూర్‌లో షిప్‌యార్డులో పని చేస్తాడు. అమ్మని తీసుకుని వాడి దగ్గరికి విశాఖ నుంచి వెళ్ళినప్పుడు మేం అక్కడి సిమ్మే తీసుకున్నాం. చాంగీ ఎయిర్‌పోర్టులో వైఫై ఉచితం, కాబట్టి దిగగానే వాడికి "వచ్చేశాం" అని చెప్పడానికి ఏ ప్యాకూ అక్కర్లేకపోయింది. సింగ్‌టెల్, స్టార్‌హబ్ లాంటి కంపెనీలు టూరిస్టు సిమ్‌లు అమ్ముతాయి. మేం ఇద్దరికీ కలిపి ఒక్కటే కొన్నాం. నా ఫోన్‌లో వేసి, అమ్మ ఫోన్‌కి హాట్‌స్పాట్ ఇచ్చాను. ఇద్దరూ కలిసే తిరుగుతున్నప్పుడు రెండు సిమ్‌లెందుకు? కుటుంబంతో వెళ్ళే ఎవరికైనా ఇది చెప్తాను. ఎవరైనా విడిగా తిరిగేవాళ్ళుంటే మాత్రం వాళ్ళకి వేరే సిమ్ ఉండాలి, తప్పిపోతే ఫోన్ ఒక్కటే దారి.

అమ్మకి కావాల్సిందల్లా టెక్కలిలో ఉన్న పిన్నితో వీడియో కాల్. "ఓలమ్మ, ఇక్కడ రోడ్డు మీద ఒక్క కాగితం ముక్క లేదే!" అని చూపిస్తూ మాట్లాడుతుంటే ఆపబుద్ధి కాలేదు. అలాంటివి తమ్ముడి గదిలో వైఫై మీద పెట్టుకుంది. బయట తిరిగేటప్పుడు మాట మాత్రమే, వీడియో లేకుండా. ఊళ్ళో వైర్‌లెస్ ఎట్ ఎస్‌జీ అనే ఉచిత ప్రభుత్వ వైఫై కూడా ఉంది, 2006 నుంచి నడుస్తోంది. దారి వెతకడానికి సరిపోతుంది. బ్యాంకు పనులు మాత్రం అలాంటి పబ్లిక్ వైఫై మీద నేను చేయను.

తమ్ముడు మమ్మల్ని బస్సులో మలేసియాలోని జోహోర్ బహ్రూ తీసుకెళ్ళాడు. 2023 డిసెంబరు నుంచి ఇండియావాళ్ళకి 30 రోజుల దాకా మలేసియా వీసా అక్కర్లేదు, వాడి సెలవు రోజున అలా వెళ్ళొచ్చాం. వుడ్‌లాండ్స్ దగ్గర ఇంకా సింగపూర్‌లో ఉండగానే నా ఫోన్ మలేసియా టవర్ని పట్టుకుంది. మేడమీద నిలబడితే అవతలి సర్కిల్ పట్టుకునే ఊళ్ళో పెరిగినదాన్ని కాబట్టి ముందే చూసుకున్నాను. మా ప్యాక్‌లో మలేసియా డేటా ఉందో లేదో కౌంటర్‌లోనే అడిగాను, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ని ఆటోమేటిక్ నుంచి తీసి చేత్తో ఎంచుకున్నాను. రెండు దేశాల అంచున ఉండే ఊళ్ళకి వెళ్ళే ఎవరైనా ఇది చేయాలి. విమానం లోపల కూడా ఇదే తంటా. కొన్ని విమానాల్లో శాటిలైట్ మీద నడిచే మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, దాని రేటు నేలమీది రోమింగ్ కంటే ఎక్కువ. ఎక్కగానే ఫ్లైట్ మోడ్ పెట్టేయండి, దిగాకే తీయండి.

ఫోన్ సెట్టింగ్స్ మా కౌంటర్‌లోనే చేసి పంపుతాను. ఇండియా సిమ్ మీద డేటా రోమింగ్ ఆఫ్. మొబైల్ డేటాకి రెండో సిమ్ ఎంపిక. చాలా ఫోన్లలో "ఆటోమేటిక్ డేటా స్విచింగ్" అని ఒకటుంటుంది. ఒక సిమ్‌కి సిగ్నల్ తగ్గితే రెండో సిమ్ నెట్‌కి దానంతట అదే మారడం దాని పని. దాన్ని తప్పకుండా ఆఫ్ చేయాలి, లేకపోతే మనకి తెలియకుండానే ఇండియా సిమ్ మీద నెట్ నడిచే ప్రమాదం ఉంది. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా ఆపాలి, కాల్స్‌కి తక్కువ డేటా అనే ఆప్షన్ ఆన్ చేయాలి. ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు వైఫైలో మాత్రమే. వెళ్ళే ఊరి మ్యాప్ ముందే డౌన్‌లోడ్. కొత్త సిమ్ వేశాక వాట్సాప్ నంబరు మార్చమని అడిగితే వద్దనండి. పాత నంబరు మీదే వాట్సాప్ నడుస్తుంది.

దుబాయ్, అబుదాబి వెళ్ళేవాళ్ళు ఇంకొకటి తెలుసుకోవాలి. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి గానీ కాల్స్ మామూలుగా కలవవు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు ఉన్నాయి. ఆ యాప్ ఇంట్లోవాళ్ళ ఫోన్‌లో కూడా ఉండాలి. అందుకని కుర్రాడితో పాటు వాళ్ళావిడనో అమ్మనో కూడా తీసుకురమ్మంటాను, ఇద్దరికీ ఒకేసారి వేసి ఒకసారి మాట్లాడించి చూపిస్తాను. కొత్త పెళ్ళికూతురు కొట్టులో ఇటు చివర, అతను అటు చివర నిలబడి సిగ్గుపడుతూ మాట్లాడుకుంటారు. మొదటి రాత్రి ఫోన్ కలవకపోతే ఇక్కడ ఇల్లంతా టెన్షన్‌తో నిద్రపోదు. ఎవరో చెప్పారని వీపీఎన్ (నెట్‌ని వేరే దారిలో మళ్ళించే యాప్) పెట్టుకుని కాల్స్ చేయొద్దు, అక్కడి చట్టం ఆ విషయంలో కఠినంగా ఉంటుంది.

ఎక్కువకాలం ఉండేవాళ్ళకి ఇంకో సౌకర్యం వచ్చింది. 2023లో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ పది దేశాల నంబర్లతో యూపీఐ వాడుకోవడానికి అనుమతించింది. సింగపూర్, యూఏఈ, సౌదీ, ఒమన్, ఖతార్ ఆ పదిలో ఉన్నాయి. ఖాతా ఎన్ఆర్ఈ గానీ ఎన్ఆర్ఓ గానీ (విదేశంలో ఉండే మనవాళ్ళకి బ్యాంకులు ఇచ్చే ఖాతాలు) అయి ఉండాలి, బ్యాంకు కూడా ఆ ఏర్పాటు చేసి ఉండాలి. అలా మార్చుకున్నవాళ్ళకి ఇండియా సిమ్ మీద ఆధారం కొంత తగ్గుతుంది. అయినా ఆధార్‌కి ఉన్న నంబరు అదే కాబట్టి సిమ్‌ని వదిలేయమని నేను చెప్పను.

విదేశాంగ శాఖ గల్ఫ్ లాంటి దేశాలకి పనికి వెళ్ళేవాళ్ళకి ప్రయాణానికి ముందు ఒక రోజు శిక్షణ ఇప్పిస్తుంది. జీతం, కాంట్రాక్టు, అక్కడి చట్టం అన్నీ చెప్తారు. అందులో ఒక అరగంట ఫోన్‌కి కేటాయించాలని నా విన్నపం. సిమ్ ఎలా బతికించుకోవాలి, ఓటీపీ ఎలా వస్తుంది, డేటా ఎక్కడ కొనాలి, ఇంటికి ఏ యాప్‌లో మాట్లాడాలి. అది కూడా మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల నుంచి వెళ్ళేవాళ్ళలో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు.

అప్పటిదాకా, మా వైపు నుంచి ఎవరైనా బయల్దేరుతుంటే ప్రయాణానికి వారం ముందు ఫోన్, పాస్‌పోర్టు, బ్యాంకు పాస్‌బుక్ తీసుకుని కొట్టుకి రండి. ఇంట్లో మీతో ఎక్కువ మాట్లాడేవాళ్ళని కూడా వెంట తీసుకురండి. సెట్టింగ్స్‌కి డబ్బు తీసుకోను. సాయంత్రం రద్దీగా ఉంటుంది, పొద్దున్న పూట వస్తే నిదానంగా కూర్చుని చేసి ఇస్తాను.